అరణంతో వచ్చిన రామి

"మంచం కింద చూసినవా?" అంది మార్తమ్మ.

"డెబ్బై ఏండ్ల మనిషి మంచం కింద ఎందుకుంటదే, తలకాయ పనిజేస్తాందా నీకు?" అని కసురుకున్నాడు భిక్షపతి. కసిరితే కసిరాడు గానీ, భార్య వంటింట్లోకి పోగానే వంగి మంచం కింద చూశాడు.

అక్కడ రామవ్వ లేదు. స్నానాల గదిలో లేదు, డాబా మీద లేదు, పక్కింటి అరుగు మీదా లేదు. వాకిలి మాత్రం ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. చీపురు గోడకు ఆనించి ఉంది. అంటే రోజూలాగే చీకటితోనే లేచింది, తన పని ముగించుకుంది, ఆ తర్వాతే ఇల్లు విడిచింది. ఆ ముసలిదాని తీరే అంత. గుండె పగిలేంత దుఃఖం వచ్చినా సరే, వాకిలి ఊడ్చిన తర్వాతే ఏడుస్తుంది.

రాణి లోపలి గడప మీద కూర్చుని ఉంది. పక్కన సగం సర్దిన సూట్‌కేసు తెరిచే ఉంది. ఎల్లుండి పొద్దున శంషాబాదులో విమానం ఎక్కాలి. ఐర్లండులో ఒక విశ్వవిద్యాలయం ఆమెకు సీటూ ఇచ్చింది, స్కాలర్‌షిప్పూ ఇచ్చింది. మానవ హక్కులు, స్త్రీల చరిత్ర కలిపి నేర్పే చదువు. జనగామలో ఆ గల్లీ నుంచి అంత దూరం పోతున్న మొదటి ఆడపిల్ల. వారం కిందటి వరకూ ఇంటిల్లిపాదీ ఆ మాటే చెప్పుకొని మురిసిపోయారు. ఇప్పుడు తండ్రి ఆ సూట్‌కేసు వైపు చూడకుండా దాటి పోతున్నాడు.

అంతా ఆ పేపరు వల్లే వచ్చింది.

పేపరునని ఏం లాభం లెండి. రాణి వల్ల వచ్చింది.

స్కాలర్‌షిప్పు కోసం వ్యాసం రాయమంటే ఆమె తన నాయినమ్మ గురించి రాసింది. దొరల ఇళ్లలో ఆడపిల్లను అత్తారింటికి సాగనంపేటప్పుడు చీరల పెట్టెలు, ఇత్తడి బిందెలు, పాడి ఆవులు అరణంగా పంపేవారు. వాటితోపాటు ఒక పేదింటి పిల్లను కూడా పంపేవారు. పెళ్లికూతురికి తల దువ్వడానికి, కాళ్లు ఒత్తడానికి, రాత్రి ఆమె గడప దగ్గర పడుకోవడానికి. ఆ పిల్లను ఆడబాప అనేవారు. ఆ పిల్ల మళ్లీ కన్నవాళ్ల ఇంటికి పోయేది లేదు. దొర కన్ను పడితే కాదనే దిక్కూ లేదు. పదేళ్ల రామి అలాగే లీలావతి దొరసాని వెంట, చిట్యాల వైపు పల్లె నుంచి రేగొండ దగ్గరి గడికి, దొరల కోటలాంటి ఇంటికి, ఎడ్లబండి మీద వచ్చింది.

రామవ్వ ఇదంతా మనవరాలికి ముచ్చటగానే చెప్పింది. బండిలో దొరసాని పక్కన కూర్చోబెట్టుకుంటే చీరల పెట్టె మీద తల పెట్టి ఎలా నిద్రపోయిందీ, దొరసాని తన పళ్లెంలోంచి సకినాలు కొంగున దాచి ఎలా తెచ్చి పెట్టేదీ చెప్పి నవ్వింది. రాణి ఫోనులో రికార్డు చేసుకుంది. నాయినమ్మ చెప్పకుండా వదిలేసినదాన్ని పుస్తకాల్లో చదివి పూరించుకుంది. తర్వాత విలేఖరి ఇంటికొచ్చి అడిగితే నాయినమ్మ పేరు, గడి ఉన్న ఊరు, దొరసాని పేరు అన్నీ చెప్పింది. ఫొటో కూడా ఇచ్చింది. గర్వంగానే ఇచ్చింది. అడగాల్సిన ఒక్క మనిషిని మాత్రం అడగలేదు. బాగా చదువుకున్న పిల్లలు ఇంట్లోవాళ్ల బాధ తమ సొంతమే అనుకుంటారు, ఏం చేస్తాం!

'ఆడబాప మనవరాలు ఐర్లండుకు' అని పెద్ద అక్షరాలతో పడింది. పడిన మూడో రోజున పెద్దవంగర నుంచి ఫోను వచ్చింది. రాణి అన్న నగేష్‌కు ఖాయం చేసుకున్న పిల్ల తరఫువాళ్లు. "పిల్లగాని తాత ఎవలో జర తేల్చుకోండ్రి. అటెనుక మాట్లాడుకుందాం" అని పెట్టేశారు. వాళ్లకు నచ్చజెప్పడానికి నగేష్ అప్పుడే బండేసుకొని పెద్దవంగర పోయాడు. ఇంకా తిరిగి రాలేదు.

నిన్న సాయంత్రం భిక్షపతి ఆ పేపరు పట్టుకొని తల్లి ముందు కూర్చున్నాడు. చదువు రాని తల్లికి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడు. తర్వాత అడిగాడు.

"గివన్నీ ఇడిసిపెట్టవ్వా. ఒక్కటే చెప్పు. ఓదెలు నా నాయినేనా?"

ఓదెలు గడిలో పశువులు చూసుకునేవాడు. రామవ్వను చేసుకొని జనగామకు తీసుకొచ్చినవాడు. భిక్షపతికి పదేళ్లప్పుడు పోయాడు. ఏటా సమాధుల పండుగకు ఆ సమాధికి సున్నం వేసి, కొవ్వొత్తి వెలిగించి, కొడుకన్నవాడు చేయాల్సిందంతా చేస్తూ వచ్చాడు భిక్షపతి.

రామవ్వ లేచి గిన్నెలు తోముకుంది. తెల్లారేసరికి లేదు.

"నువ్వడిగిన మాటకే పోయింది" అంది మార్తమ్మ వంటింట్లోంచి. "ఏ కొడుకన్న తల్లిని గట్ల అడుగుతడా?"

"నేనడిగిన మాటకు కాదు. నీ బిడ్డ రాసిన మాటకు."

"నాయినా, నేను అబద్ధం రాయలే" అంది రాణి. "నాయినమ్మకు అన్యాయం జరిగింది. మనమే దాచిపెడ్తే ఇగ లోకానికి ఎట్ల తెలుస్తది?"

"లోకానికి తెలిసింది బిడ్డా. సక్కగ తెలిసింది." భిక్షపతి కూతురి వైపు తిరిగాడు. వారంలో అదే మొదటిసారి ఆమె మొహంలోకి చూడటం. "నువ్వు ఎల్లుండి విమానమెక్కి పోతవ్. గీ గల్లీల ఉండేది మేము. మొన్న హోటల్ల చాయ తాగుతాంటే ఒకడు నా ముక్కు దిక్కు చూసి, దొర ముక్కు అని నవ్విండు. పక్కోనికి సైగ చేసిండు. యాభై రెండేండ్ల మనిషిని. నా ముక్కు నేను ఏడ దాచుకోవాలె?"

ఇంటర్వ్యూలో ముగ్గురు ప్రొఫెసర్లు గుచ్చి గుచ్చి అడిగితే తడుముకోకుండా చెప్పిన పిల్ల, నాయిన ముక్కు గురించి ఏం చెప్పాలో తెలియక కాళ్ల వేళ్ల వైపు చూస్తూ కూర్చుంది.

పొయ్యి మీద పాలు పొంగి మాడు వాసన వచ్చినా మార్తమ్మ కదల్లేదు.

కాసేపటికి ఆమే లేచి అత్త రేకుపెట్టె మూత తీసింది. రెండు చీరలు, కళ్లద్దాలు, మందుల కవరు అలాగే ఉన్నాయి.

"ఆధార్ కార్డు లేదు" అంది.

ముగ్గురికీ అర్థమైంది. కార్డు చూపిస్తే ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు. రామవ్వ బస్సెక్కింది.

రాణి పరుగున బస్టాండుకు పోయింది. గేటు దగ్గర పూలమ్మే రుక్కి ఆమెను చూడగానే చేయి ఊపింది.

"మీ నాయినమ్మ కోసమా? హన్మకొండ బస్సెక్కింది. పొద్దుగాల మొదటి బస్సు. ఏడికి పోతానవవ్వా అంటే, మాఫ్ అడిగొస్త బిడ్డా అన్నది. ఎవలనో చెప్పలే. ఏమన్న లొల్లి అయిందా ఇంట్ల?"

రాణి ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే భిక్షపతి నేల మీద కూలబడ్డాడు.

"మాఫా? ఆమె ఎవలను అడగాలె మాఫు? ఆమెనే అందరు అడగాలె."

"గడికే పోయింది నాయినా. దొరసాని దగ్గరికే."

"ఆ గడప నేను తొక్క. సచ్చినా తొక్క."

"నేను పోత. నాయినమ్మ రాకపోతే ఎల్లుండి విమానం ఎక్క. చదువు లేకపోతే లేకపాయె."

మార్తమ్మ అయ్యో అనబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బిడ్డ ఒక మాట అన్నదంటే అన్నదే అని ఆ తల్లికి తెలుసు.

రాణి చెప్పులేసుకుంటుంటే భిక్షపతి నేల మీది నుంచే అన్నాడు. "తోలుకరా. నేనడిగిన మాట ఎనుకకు తీసుకున్న అని చెప్పు. ఓదెలే నా నాయిన అని చెప్పు. జవాబు అక్కరలేదు, ఇంటికొస్తే సాలు అని చెప్పు."

అని చెప్పి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. తండ్రి ఏడవటం రాణి ఎన్నడూ చూడలేదు.

*

హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా రేగొండలో దిగి, అక్కడి నుంచి ఆటోలో గడి ఉన్న పల్లెకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తోవ పొడవునా పత్తి చేలల్లో ఆడవాళ్లు వంగి కలుపు తీస్తున్నారు. రాణి చూస్తూనే ఉంది గానీ ఏదీ ఆమె మనసుకు ఎక్కలేదు. నాయిన ఏడుపే చెవుల్లో ఉంది.

గడి ముందు భాగం ఎప్పుడో కూలింది. వెనక కొత్త డాబా కట్టుకున్నారు. వరండాలో లీలావతి దొరసాని కొడుకు వెంకట్రాం కుర్చీలో కూర్చుని ఎవరితోనో ఫోనులో పంచాయితీ ఎన్నికల ముచ్చట మాట్లాడుతున్నాడు. మనిషిని రాణి ఇంతకుముందు చూడలేదు. అయినా ఆ కూర్చునే తీరు చూసి ఆగిపోయింది. ఒక చేయి మోకాలి మీద, మెడ కొంచెం ఎడమకు వంచి. అచ్చం నాయినే. ముక్కు వైపు చూడొద్దనుకుంది. చూసింది.

వెంకట్రాం ఫోను పెట్టేశాడు.

"నువ్వేనా పేపర్ల పడ్డ పిల్లవు?"

"అవునండి."

"మంచిగ రాసినవ్. పార్టీ ఆఫీసుల అందరు చదివిన్రు." ఆ మాటలో వెటకారం ఉంది, అలసట కూడా ఉంది. "మా అమ్మ గురించి రాసే ముందు మమ్ములను ఒక్క మాట అడగాలని తోచలేదా అమ్మా?"

"మా నాయినమ్మను సుత అడగలేదండి" అంది రాణి.

వెంకట్రాం కాసేపు ఆమె మొహం చూశాడు. అతను కూడా ఏదో వెతుకుతున్నట్టే ఉంది. చూపు తిప్పుకుని, "లోపలి అర్రల ఉన్నరు. అమ్మకు పక్షవాతమొచ్చి ఏడాది దాటింది. ఎన్నడన్న ఒక మాట అంటది, అంతే. పరేషాన్ చేయకు" అని మళ్లీ ఫోను అందుకున్నాడు.

లోపలి గదిలో కిటికీ పక్క మంచం. మంచం మీద బక్కచిక్కిన తెల్లటి మనిషి, కళ్లు మూసుకుని. మంచం కింద, నేల మీద రామవ్వ. చేతులు పైకి చాచి దొరసాని కాళ్లు ఒత్తుతోంది. అరవై ఏళ్ల కింద నేర్చుకున్న పని. వేళ్లు దారి మర్చిపోలేదు.

ఆడబాపల గురించి ఎన్ని పుస్తకాలు చదివిందో రాణి. కళ్ల ముందు చూడటం ఇదే మొదటిసారి.

"పోదాం పా నాయినమ్మా" అంది.

రామవ్వ తలెత్తలేదు. "ఎట్లొచ్చినవ్ బిడ్డా? తిన్నవా?"

"నాయిన ఏడుస్తాండు. అడిగిన మాట ఎనుకకు తీసుకున్న అని చెప్పమన్నడు. ఓదెలు తాతనే నా నాయిన అన్నడు. నువ్వు ఇంటికొస్తే సాలన్నడు."

రామవ్వ చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ ఒత్తసాగాయి.

"వస్త. దొరసాని ఒక్కసారి 'మాఫ్ చేసిన రామీ' అనాలె. అనంగనే లేసొస్త. పొద్దటి సంది అడుగుతాన. అంటలేదు."

"నాకోసం రావా? నేను ఎల్లుండి పోతాన. మళ్ల ఎన్నడొస్తనో."

"పో బిడ్డా. నేనేమన్న వద్దంటినా? మంచిగ చదువుకో."

"నామీద కోపమొచ్చిందా నాయినమ్మా?"

బయట వెంకట్రాం గొంతు వినిపిస్తూనే ఉంది.

"నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె" అంది రామవ్వ. అంతే అంది. తిట్టినా రాణి అంత కుంగిపోయేది కాదు. దగ్గరికి పోయి నేల మీద కూర్చుని, "తప్పయింది నాయినమ్మా, తప్పయింది" అని ఆమె భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడువకు. నువ్వు చిన్నపిల్లవు. తప్పు నాది, పాతది." రామవ్వ గొంతు తగ్గించింది. "దొరసాని నన్ను చెల్లె లెక్క చూసుకున్నది. వెంకట్రాం దొర ఆమె కడుపుల ఉన్నడు. మంచం దిగద్దని డాక్టరు చెప్పిండు. నాకు పదిహేడేండ్లు. దీపం పెట్టి రాపోవే అని దొరసాని అంటె దొర అర్రలకు పోయిన. ఎనుక తలుపు పడ్డది. గాలికి పడ్డదనుకున్న. గుంజితే రాలే. అవుతల నుంచి గొళ్లెం పెట్టిండ్రు. దొరనే ఎవలతోనో పెట్టిపిచ్చిండు గావచ్చు."

"నాయినమ్మా…"

"అరిసిన. దొరసాని పక్క అర్రల్నే ఉన్నది. వినపడలే. నిద్ర పట్టింది గావచ్చు." రామవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తర్వాత నీ నాయిన కడుపుల పడ్డడు. ఆమె ఉప్పు తిని, ఆమె మొగని బిడ్డను మోసిన. గా ముచ్చట ఆమెకు ఎట్ల చెప్తనే? ఓదెలు మంచోడు, పాపం, అన్ని తెలిసే నన్ను చేసుకున్నడు. ఒక్కనాడు ఒక్క మాట అనలే. దొరసానికి ఎర్క లేదని ఇన్నేండ్లు పానం నిమ్మళంగుండె. ఇగ పేపర్ల పడె. చదివి ఇనిపిచ్చే ఉంటరు. నా రామి గింత మోసం చేసిందా అనుకోదా?"

"మోసం నువ్వు చేసినవా! పదిహేడేండ్ల పిల్లవు. అరిసినవు. ఇందుల నీ తప్పేంది?"

"తప్పు కాకపోతే గిన్నేండ్లు నా కడుపుల ఎందుకు మండుతాంది బిడ్డా?"

రాణి దగ్గర దానికి జవాబుంది. ఆ జవాబు మీదే ఆమెకు సీటొచ్చింది. పేజీలకు పేజీలు రాసింది. కానీ ఈ మనిషికి, ఈ గదిలో, ఆ మంచం పక్కన ఆ మాటలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

గోడ గడియారం మూడు కొట్టింది. "జావ తాగే యాళ్లయింది. చల్లగైతే మింగదు" అని రామవ్వ మోకాళ్ల మీద చేతులు ఊని లేచింది. వంటింటి వైపు పోయింది. ఎవరూ ఆమెకు ఆ పని చెప్పలేదు.

రాణి కళ్లు తుడుచుకుని తలెత్తింది. లీలావతి దొరసాని కళ్లు తెరిచి ఉన్నాయి. తననే చూస్తున్నాయి.

ఎప్పటి నుంచి మెలకువగా ఉందో! ఎడమ వైపు మొహం కదలడం లేదు. కుడి వైపు పెదవి మాత్రం వణుకుతోంది. రాణి దగ్గరికి వంగింది.

"నిద్ర…" అంది దొరసాని. గొంతులోంచి గాలి లాగ వచ్చింది. "నిద్ర పోలే."

రాణికి ముందు అర్థం కాలేదు.

"విన్న. ఆనాడు అంత విన్న." ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. "గొళ్లెం… నేనే పెట్టిన."

రాణి మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

"రెండు కడుపులు పోయినై. ఇంకొకదాన్ని తెచ్చుకుంటనన్నడు దొర." ప్రతి మాటకూ ఆ మనిషి కొండ ఎక్కినంత ఆయాసపడుతోంది. "రామి అయితే… ఇంట్లనే ఉంటదని. ఏడికి పోతదని." కంటి కొసన నీరు చెవి మీదికి జారింది. "నువ్వు రాస్తవు గద. రాయి. నా పేరు పెట్టి రాయి."

"మా నాయినమ్మకు మీరే చెప్పున్రి" అంది రాణి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నాకెందుకు చెప్తానరు? ఆమెకు చెప్పున్రి! యాభై ఏండ్ల సంది తప్పు తనదనుకుంటాంది."

దొరసాని కళ్లు మూసుకుంది. పెదవి కదిలింది గానీ మాట రాలేదు.

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. రామవ్వ జావ గిన్నెతో నిలబడి ఉంది. మనవరాలు దొరసాని మీదికి వంగి ఉండటం, దొరసాని కంట్లో నీళ్లు, రెండూ చూసింది. ఆమె మొహం ఒక్కసారిగా విప్పారింది.

"మాట్లాడిందా? బిడ్డా, మాట్లాడిందా దొరసాని? ఏమన్నది?"

రాణి నోరు తెరిచింది.

"మాఫ్ చేసిన అన్నదా?"

ఎంత ఆశగా అడిగిందో చూడండి ఆ ముసలిది! ఉన్నది ఉన్నట్టు చెప్తే, దొరసాని పళ్లెంలోంచి దాచి తెచ్చిన సకినాలు, బండిలో పక్కన కూర్చోబెట్టుకున్న చేయి, ఆ బతుకులో మంచి అనుకుని దాచుకున్నవన్నీ ఇప్పుడే, ఈ గుమ్మంలోనే ఆమె పోగొట్టుకుంటుంది. చెప్పకపోతే, లేని తప్పుకు మాఫీ దొరికిందని సంతోషంగా ఇంటికి నడుస్తుంది. అక్కడ నాయిన మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఎల్లుండి విమానం.

"అన్నది నాయినమ్మా" అంది రాణి. "మాఫ్ చేసిన అన్నది. ఇగ ఇంటికి పోదాం పా."

రామవ్వ జావ ఒలక్కుండా గిన్నె గూట్లో పెట్టి, రెండంగల్లో వచ్చి దొరసాని పాదాలు కళ్లకద్దుకుని, ఆమె ఒడిలో తల ఆనించింది. "నా తల్లీ, నీ కడుపు సల్లగుండ! ఇగ నేను సచ్చినా పర్వాలేదు" అని ఏడ్చింది. ఇన్నేళ్ల ఏడుపు, ఆపుకోవడం ఆమె తరం కాలేదు.

రాణి చూడలేక కిటికీ వైపు తిరిగింది.

దొరసాని పని చేసే చేయి దుప్పటి మీద పాకుతూ కిందికి వచ్చింది. అతి కష్టం మీద రామవ్వ తల దాకా చేరింది. తలను తన ఒడిలోంచి నెట్టడానికి చూసింది. బలం చాలలేదు. వేళ్లు ఆ నెరిసిన జుట్టులో చిక్కుకుని ఆగిపోయాయి.

"సూడు బిడ్డా, దీవిస్తాంది" అంది రామవ్వ. "సూసినవా, దీవిస్తాంది నన్ను!"

"కాదు."

ఆ మాట మెల్లగానే వచ్చింది, కానీ స్పష్టంగా వచ్చింది. రాణి గిర్రున తిరిగింది.

"కాదు రామీ" అంది లీలావతి దొరసాని.

రామవ్వ తలెత్తింది. తడి చెంపలు తుడుచుకోకుండానే మంచం పట్టె పట్టుకుని లేచి, చెవి ఆమె నోటి దగ్గరికి తెచ్చింది.

"ఏంది కాదు దొరసానీ?" అని అడిగింది.